తిరిగి ఇంటికి తీసుకుపోలేని పత్తి

2025 డిసెంబరులో వర్ధన్నపేట దగ్గరి మా ఊరి నుంచి బాబాయి పత్తి బండితో పాటు నేనూ వెళ్లాను. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 12 శాతం దాటిందని కొనలేదు. పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర ఆ గేటు దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి ప్రైవేటు ఖరీదుదారు దగ్గరికి వెళ్తే, ఆయన బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు పత్తి తీసి, పిసికి చూసి, 6,900 అన్నాడు. బాబాయి మారు మాట్లాడలేదు. బండి కిరాయి, ఏరిన కూలీల డబ్బులు, ఎరువుల దుకాణం బాకీ అన్నీ ఆ రోజే కట్టవలసి ఉండగా, పత్తిని ఇంటికి తీసుకుపోయి ఆరబెట్టే వ్యవధి ఆయనకు లేదు. ఖరీదుదారుకు మాత్రం మా వెనక ఇంకా ఎన్నో బండ్లు కనిపిస్తున్నాయి.

దేశాల మధ్య ఆర్థిక బలం పని చేసే తీరు కూడా ఇదేనని నేను నమ్ముతున్నాను. ఎవరి దగ్గర ఎంత సొమ్ము ఉందన్న దానికంటే, బేరం చెడితే ఎవరు ఎక్కువ రోజులు తట్టుకోగలరన్నదే అక్కడ ముఖ్యం.

ఇందుకు పత్తిలోనే గట్టి ఉదాహరణ ఉంది. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే సబ్సిడీలు ప్రపంచ మార్కెట్లో పత్తి ధరను పడగొడుతున్నాయని 2002లో బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసి, 2005 నాటికి అప్పీలులోనూ గెలిచింది. అయినా అమెరికా సబ్సిడీలను పూర్తిగా సరిదిద్దలేదు. 2010లో బ్రెజిల్ అమెరికా సరుకులపై సుంకాలు పెంచడానికి, అక్కడి కంపెనీల పేటెంట్ హక్కులను పక్కన పెట్టడానికి సిద్ధమయ్యాకే కదలిక వచ్చింది. తన సబ్సిడీలు నిలుపుకోవడం కోసం బ్రెజిల్ పత్తి రంగానికి ఏటా 14.73 కోట్ల డాలర్లు ఇవ్వడానికి అమెరికా ఒప్పుకుంది, 2014లో మరో 30 కోట్ల డాలర్లతో ఆ వివాదం ముగిసింది. మాలి, బుర్కినా ఫాసో, బెనిన్, చాద్ దేశాలు 2003 నుంచీ ఇదే అన్యాయం గురించి అదే సంస్థలో మొర పెట్టుకుంటున్నాయి. వాటి రైతులు మన రైతులకంటే పేదవాళ్లు, వాటి వాదనలో న్యాయమూ తక్కువ కాదు, కానీ అవి సుంకం పెంచుతామంటే అమెరికాలో ఏ కంపెనీకీ నిద్ర చెడదు. ఆ పరిహారం ఒప్పందం బ్రెజిల్‌తోనే జరిగింది, వాటితో కాదు.

మన దేశమూ ఆ స్థితిని చూసింది. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి విదేశీ మారక నిల్వలు కొద్ది వారాల దిగుమతులకు మించి లేవు. జూలైలో దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు తరలించి తాకట్టు పెట్టాకే అప్పు పుట్టింది. పెళ్లి నాటి నగ తాకట్టు పెట్టి విత్తనాలు తెచ్చుకునే మా ప్రాంతంలో ఆ అవమానం ఎవరికీ విడమరచి చెప్పవలసిన పని లేదు.

2025 ఏప్రిల్‌లో అమెరికా చైనాపై సుంకాలను పెంచుకుంటూ 145 శాతానికి తీసుకుపోయిన రోజుల్లోనే, చైనా మోటార్లకూ ఆయుధాలకూ అవసరమైన అరుదైన ఖనిజాల ఎగుమతిని బిగించింది, మే నెలలోనే ఇరుపక్షాలూ జెనీవాలో సుంకాలు దించుకున్నాయి. అలా బిగించగలిగిన సరుకు మన చేతిలో లేదు. రష్యా చమురు కొంటున్నామన్న కారణం కూడా చూపి అదే ఏడాది ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతం చేసింది. అంతకు ఎనిమిది రోజుల ముందే మన ప్రభుత్వం విదేశీ పత్తిపై ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తివేసింది. మిల్లులకు పత్తి సులువుగా అందాలన్నది చెప్పిన కారణం, మిల్లుల కష్టం నిజమైనదే. మొదట సెప్టెంబరు 30 దాకా అన్న ఆ మినహాయింపును తర్వాత డిసెంబరు 31 వరకు పొడిగించారు. మా చేలలో పత్తి ఏరడం మొదలయ్యేది అక్టోబరులో. బాబాయి బండి కొనుగోలు కేంద్రం గేటు దగ్గర నిలబడిన ఆ రోజు కూడా విదేశీ బేళ్లు సుంకం లేకుండానే దేశంలోకి రాగలిగేవి.