నాలుగు షీట్ల మూలలో మా నాయనమ్మ ఊరు

పాత సర్వే మ్యాపు నాలుగో షీటు నిన్న సాయంత్రం చేతికొచ్చింది. మూడు నెలల తలనొప్పి తీరింది కాబట్టి ఆ వేడి మీదే రాసేస్తున్నాను.

మా నాయనమ్మ పుట్టిన గూడెం నాగార్జునకొండ లోయలో ఉండేది. సాగర్ నీళ్ళొచ్చాక లోయంతా మునిగి, కొండ ఒక్కటే ద్వీపంలా మిగిలింది. లాంచీ ఎక్కి అక్కడి మ్యూజియం చూసొచ్చినవాళ్ళకి తెలుసు. అక్కడ వెలిసిన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి గురించి, 1926లో శిథిలాలు బయటపడటం గురించి, మునిగేలోపు 1954 నుంచి 1960 దాకా హడావిడిగా సాగిన తవ్వకాల గురించి కావలసినంత రాశారు. అదే లోయలో గొడ్లు కాసుకుంటూ బతికిన గూడేలు ఎక్కడెక్కడ ఉండేవో చెప్పే ముక్క మాత్రం నాకు దొరకలేదు. నాయనమ్మని అడిగితే "కొండకీ ఏటికీ ఇవతల" అంటుంది. లోయంతా ఇవతలే కదా!

డ్యామ్‌కు ముందటి సర్వే మ్యాపు చూస్తే తేలిపోతుందనుకున్నాను. అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీవాళ్ళు 1950ల నాటి అమెరికా సైన్యం మ్యాపులు నెట్‌లో ఉచితంగా పెట్టారు, పది నిమిషాల్లో దిగింది. కానీ దాని స్కేలు 1:250,000. మా లోయ బొటనవేలి గోరంత ఉంది. కొత్త 1:50,000 మ్యాపుల్లో ఎలాగూ అక్కడ నీలం రంగే. నాకు కావలసింది అంగుళానికి మైలు లెక్కన గీసిన పాత టోపోషీటు, అంటే కొండలూ ఏర్లూ ఊళ్ళూ ఎత్తులతో సహా చూపించే సర్వే మ్యాపు. అందులో అయితే లోయ అరచేయంత కనిపిస్తుంది.

దానికోసం ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళాను. పేరెందుకులెండి.

"షీట్ నంబరెంత?" అన్నాడు సీట్లో ఉన్నాయన.

"తెలీదండీ. నాగార్జునకొండ..."

"ఊరు పేరు చెబితే ఇవ్వడానికి ఇదేమన్నా బస్సు టికెట్టా?"

సరే, తప్పు నాదే. ఇంటికొచ్చి కూర్చుని నంబర్ల పద్ధతి నేర్చుకున్నాను. నిజానికి అందంగానే ఉంది. దేశాన్ని నాలుగు డిగ్రీల చదరాలుగా కోసి ఒక్కోదానికి ఒక నంబరిచ్చారు. మనది 56. దాన్ని మళ్ళీ పదహారు ముక్కలు చేసి ఏ నుంచి పి దాకా అక్షరాలు పెట్టారు. ఆ ఒక్కో ముక్కనీ ఇంకో పదహారు చేసి 1 నుంచి 16 వేశారు. కొండ ఉన్నది సుమారు 16 డిగ్రీల 31 నిమిషాల ఉత్తర అక్షాంశం, 79 డిగ్రీల 14 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర. అంటే 56 పి/2. ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నవాణ్ణి, ఈ మాత్రం నాకో లెక్కా!

మర్నాడు గర్వంగా నంబర్ చెప్పాను.

"ఎందుకు?"

"మా నాయనమ్మ ఊరు ఎక్కడుండేదో చూద్దామని."

ఆయన పక్క టేబుళ్ళవైపు తిరిగి, "ఏమండోయ్, ఈయనకి నాయనమ్మ ఊరు కావాలట!" అన్నాడు. తర్వాత ముందుకి వంగి, గదంతా వినపడే గుసగుసతో, "నిజం చెప్పండి మాస్టారూ, గుప్తనిధా?" అన్నాడు.

గది గొల్లుమంది. కింద పెట్టిన నా సంచి తెరిచి చూపించమన్నారు. అందులో టిఫిన్ డబ్బా, భూతద్దం ఉన్నాయి. భూతద్దం చూసి ఇంకోసారి నవ్వారు. సీట్లో ఉన్నాయనదీ నా వయసే, నన్ను ఎగాదిగా చూసి, "లెటర్ తీసుకురండి. ఎవరు మీరు, ఎందుకు అనేది ఓ సంస్థ రాసివ్వాలి" అని పంపేశాడు. మెట్లు దిగుతుంటే చెవులు మండిపోయాయి. పాత గుళ్ళలో నంది కింద తవ్వేవాళ్ళున్నారు, కాదనను. కానీ వాళ్ళు సంచిలో టిఫిన్ పెట్టుకుని, రిజిస్టర్లో సంతకం చేసి లోపలికొస్తారా?

కాలేజీలో పనిచేసే స్నేహితుడు లెటర్‌హెడ్ మీద రాసిచ్చాడు. ఆ ఉత్తరం అక్కడ ఒక్కరూ చదవలేదు. స్టాంపు సరిగ్గా పడిందా లేదా, అంతే. కాబట్టి నా సలహా: విషయం ఎలా రాసినా ఫర్వాలేదు, స్టాంపు మాత్రం గట్టిగా నొక్కించుకోండి.

కాపీ తెచ్చి పరిస్తే కొండ ఉంది, ఏరు ఉంది. కొండకి తూర్పున కాస్త పోగానే కాగితం అయిపోయింది. కిందికి చూస్తే అక్కడా అంచే! 79 డిగ్రీల 15 నిమిషాల గీతా, 16 డిగ్రీల 30 నిమిషాల గీతా మా లోయలోనే కలుస్తాయి. నాలుగు షీట్ల మూల అది. పి/3, పి/6, పి/7 కూడా కావాలి. లెక్కల మాస్టారు ఆ మాట ముందే ఆలోచించలేదు. మళ్ళీ అదే సీటు, అదే మనిషి, షీటుకో లెటర్. ప్రతిసారీ "దొరికిందా మాస్టారూ?" అనే పలకరింపు. మీరెవరైనా వెళితే ముందు అంచులు చూసుకుని అన్నీ ఒకేసారి అడగండి. ఆ మనిషికి రెండోసారి మొహం చూపించే ఖర్మ మీకొద్దు.

మ్యాపు చదవడం పెద్ద కష్టం కాలేదు. చెరువుకట్ట పక్కన "6 ఆర్" అని ఉంటే ఏదో కోడ్ అనుకున్నాను. కట్ట చుట్టుపక్కల నేలకంటే ఆరడుగుల ఎత్తని అర్థమట. శాటిలైట్ బొమ్మ మీద పరిస్తే మొదట వంద మీటర్లకు పైనే పక్కకి జరిగింది. పాత షీట్ల లెక్క 1830లో జార్జ్ ఎవరెస్ట్ అనే సర్వే అధికారి కట్టిన భూమి ఆకారపు కొలతలది, ఇప్పటి జీపీఎస్ లెక్క వేరు. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో సరైన డేటమ్ (ఏ కొలతల లెక్కో చెప్పేది) ఎంచుకుంటే సర్దుకుంది.

ఆ తర్వాతి పని నాకు నేనే శెభాష్ అనుకున్నది. సాగర్ నిండుమట్టం 590 అడుగులని వానాకాలంలో పేపర్లో చూస్తూనే ఉంటాం. పాత షీట్లలో ఎత్తు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, అడుగుల్లోనే ఉన్నాయి. 550కీ 600కీ మధ్య, 600కి దగ్గరగా, పెన్సిల్‌తో 590 గీత గీసుకుంటూ పోయాను. ఆ గీత కొండ చుట్టూ తిరిగొచ్చి మొదలైన చోటే కలిసింది. ఇప్పటి ద్వీపం! గీతకి బయట, బాగా దిగువన, ఎర్రచుక్కల గుంపులు. వాటిలో ఒకటి మా గూడెం. డ్యామ్ వద్దని నేననను. కుడికాలవ నీళ్ళు తాగి పండిన పొలంతోనే నా చదువు సాగింది. కానీ ఆ చుక్కల మీద గోరు పెట్టి కాసేపు తియ్యలేకపోయాను.

రాత్రి నాలుగు షీట్లూ అతికించి నాయనమ్మ ముందు పరిచాను. చూపు మందగించింది, పేర్లు నేనే చదివాను. కాసేపు విని, "ఇట్టా కాదురా, తిప్పు" అంది. కాగితం తిప్పించి తిప్పించి, ఏరు తన కుడిచేతి వైపుకి వచ్చాక సరేనంది. వాళ్ళ గుమ్మంలో నిలబడితే ఏరు అటు ఉండేదట. మ్యాపులో ఉత్తర దిక్కు గోడ వైపుకి పోయింది.

"మా బావి ఏదీ?"

భూతద్దం పెట్టి వెతికాను. చెరువుంది, దారుంది, బావి లేదు.

"లేకేం, మా నాయన తవ్విస్తే! నాకప్పుడు పదేళ్ళు."

సర్వే అంతకుముందే జరిగి ఉండాలి. ఆవిడ చెయ్యి పట్టుకుంటే, గూడెం చుక్కల నుంచి చెరువు వైపుకి కొంచెం జరిపి ఆపింది. అక్కడ నీలం పెన్నుతో చిన్న సున్నా చుట్టాను. మ్యాపులో బావి గుర్తు అదే.