స్కానింగ్ నార్మల్, మరి కడుపునొప్పి?

"రిపోర్టుల్లో ఏమీ లేదంటున్నారు, మరి నొప్పెందుకు సార్?" మా క్లినిక్‌లో తరచూ వినే ప్రశ్న ఇది. ఏమీ లేదని పంపేస్తే అన్యాయం. ఆ నొప్పి నిజం, చాలామందిలో అది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్), అంటే పరీక్షల్లో ఏమీ కనపడకపోయినా పేగుల పనితీరు తేడాతో వచ్చే సమస్య.

మోషన్‌కి వెళ్లాక నొప్పి తగ్గుతోందా, పెరుగుతోందా? గట్టిగా అవుతోందా, నీళ్లలా అవుతోందా? ముందు ఇవి అడుగుతాను. ఐబీఎస్‌ను గుర్తించడానికి డాక్టర్లు వాడే 2016 నాటి రోమ్-4 ప్రమాణాల ప్రకారం నొప్పి మొదలై 6 నెలలు దాటాలి, గత 3 నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా ఉండాలి. మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే మాత్రం పెద్దాసుపత్రికి రాసిస్తాను.

ఇసబ్గోల్ కొద్దికొద్దిగా మొదలుపెట్టిస్తాను. ఉల్లి, వెల్లుల్లి, శనగలు, పాలు కొన్ని వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటే కలిపి చూడమంటాను. అన్నం మానక్కర్లేదు.

వీటికి లొంగకపోతే అమిట్రిప్టిలిన్. "ఇది డిప్రెషన్ మందట, నాకేమైనా పిచ్చా?" అంటూ ఒకావిడ చీటీ తిరిగి తెచ్చారు. కూర్చోబెట్టి చెప్పాను: "ఇంత చిన్న మోతాదులో ఇది పేగు నుంచి మెదడుకెళ్లే నొప్పి సంకేతాలను తగ్గిస్తుందమ్మా." బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టర్ల దగ్గర జరిగిన అట్లాంటిస్ పరిశోధన 2023లో దీని ఫలితాన్ని చూపింది. రాత్రి 10 మిల్లీగ్రాములు వేసుకుని, నోరు ఎండినా మత్తుగా ఉన్నా ఫోన్ చేయమన్నాను.