వైట్ సాక్స్ నోట్‌బుక్, రెండో సీజన్: పెన్సిల్ స్కోరింగ్, కుర్రాళ్ల షీటు, ఇద్దరు క్యాచర్ల గొడవ

2024లో మా చికాగో బేస్‌బాల్ టీమ్ వైట్ సాక్స్ 121 మ్యాచ్‌లు ఓడింది. 162 ఆడితే గెలిచింది 41. 1900 నుంచి ఇటు ఏ మేజర్ లీగ్ టీమూ ఒక్క సీజన్లో ఇన్ని ఓడలేదు, 1962 నాటి న్యూయార్క్ మెట్స్ 120 ఓటముల రికార్డు కూడా దాటేశాం, జులైలో మొదలైన వరస ఓటములు 21 దాకా పోయి ఆగస్టు 6న ఓక్లాండ్‌లో ఆగాయి, రెండ్రోజులకి మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ని పంపించేశారు. చేత్తో స్కోర్ రాయడం నేను మొదలుపెట్టింది ఆ ఏడాదే. టీవీలో చూసి కట్టేస్తుంటే ఇవాళ కూడా ఓడాం అన్న ముక్క తప్ప ఏం మిగలట్లేదు, ఎవడు బాగుపడుతున్నాడో ఎవడు వేసినచోటే ఉన్నాడో తెలియాలంటే రాసుకోవాల్సిందే. 2025 రెండో సీజన్, 60 గెలిచి 102 ఓడాం. ఏం రాశా, ఎలా రాశా, దాన్ని పట్టుకుని మా బావతో ఏం వాదించా అన్నది ఇక్కడ పెడుతున్నా, కొత్తగా ఇటు వచ్చి బేస్‌బాల్ అలవాటు చేసుకునేవాళ్లకి పనికొస్తుందని.

ముందు సామాను. స్పైరల్ బైండింగ్ ఉన్న స్కోర్‌బుక్ తీసుకోండి, కుట్టిన పుస్తకం ఒళ్లో నిలవదు, గాలికి మూసుకుపోతుంది. 0.7 మెకానికల్ పెన్సిల్, 2బి లెడ్, విడిగా రబ్బరు. పెన్ను వద్దు, ఎర్రర్ అని ఇచ్చింది అఫీషియల్ స్కోరర్ తర్వాత హిట్‌గా మారుస్తాడు, పేజీ అంతా కొట్టివేతలే అవుతాయి. ఫీల్డర్లకి నంబర్లు ఉంటాయి, పిచర్ (బాల్ వేసేవాడు) 1, క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ 6, ఔట్‌ఫీల్డ్ లెఫ్ట్ నుంచి 7, 8, 9. షార్ట్‌స్టాప్ బాల్ ఎత్తి ఫస్ట్‌కి విసిరితే 6-3. థర్డ్ నుంచి మొదలైన డబుల్ ప్లే 5-4-3. బ్యాట్ ఊపి స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో ఔట్) అయితే మామూలు కె, ఊపకుండా నిలబడి ఔటైతే తిరగేసిన కె. క్రికెట్ స్కోర్‌బుక్ తెలిసినవాళ్లకి ఇది రెండు మ్యాచుల్లో చేతికొచ్చేస్తుంది.

అసలు ఇబ్బంది టైమ్. పిచ్ క్లాక్ వచ్చాక బేసులు ఖాళీగా ఉంటే 15 సెకన్లు, రన్నర్ ఉంటే 18, ఆలోపు తల దించి రాసి తల ఎత్తాలి. మొదటి ఏడాది ప్రతి పిచ్‌కీ ఏ పిచ్, ఎక్కడ పడింది అన్నీ రాసేవాణ్ణి, 2025లో మూడు గుర్తులకి కుదించా: పెట్టె పైమూల ఆ అట్-బ్యాట్‌లో (బ్యాటర్ ఒక వంతు, దానికో పెట్టె) ఎన్ని పిచ్‌లు పడ్డాయో ఆ అంకె, స్ట్రైక్ జోన్ బయట బాల్‌కి ఊపితే కింద చిన్న గీత, రెండు స్ట్రైకుల తర్వాత ఫౌల్ చేసి బతికితే చుక్క. ఈ గీతలూ చుక్కలే తర్వాత వాదనల్లో నా చేతిలో ఉన్న ఆధారం. నెల తిరిగేసరికి ఒకడి పెట్టెలు వరసగా చూస్తే గీతలు తగ్గుతున్నాయా లేదా కంటికే కనిపిస్తుంది, దానికి కంప్యూటర్ అక్కర్లేదు.

పార్కుకి వెళ్లే రోజు నేపర్‌విల్‌లో మెట్రా ఎక్కి యూనియన్ స్టేషన్, అక్కణ్ణుంచి నడిచి జాక్సన్‌లో రెడ్ లైన్, సాక్స్-35త్ దగ్గర దిగితే రేట్ ఫీల్డ్ ఎదురుగానే. కారు పార్కింగ్ కంటే ఇదే నయం, తిరిగొచ్చేటప్పుడు రైల్లో పేజీ సరిచూసుకోవచ్చు కూడా. స్కోర్ రాసేవాళ్లకి కింద ఖరీదైన సీట్లకన్నా హోమ్ ప్లేట్ వెనక అప్పర్ డెక్ మంచిది, ఇన్‌ఫీల్డ్ ఎక్కడ నిలబడిందో మొత్తం కనిపిస్తుంది. ఏప్రిల్ సాయంత్రం చలికి వేళ్లు కొంకర్లు పోతాయి, వేలి కొసలు తెరిచి ఉన్న గ్లవ్స్ తప్పనిసరి.

ఇక రెండో భాగం, కుర్రాళ్ల షీటు. ఇది స్ప్రెడ్‌షీట్. పేరు, వయసు, మేజర్ లీగ్ కింద మైనర్స్‌లో ఏ లెవెల్ (కనాపొలిస్, విన్‌స్టన్-సేలం, బర్మింగ్‌హామ్, షార్లట్, ఈ వరసలో పైకొస్తారు), స్ట్రైకౌట్ శాతం, వాక్ (నాలుగు బాల్స్ పడితే ఊరికే ఫస్ట్ బేస్ చేరడం) శాతం, టీమ్ 40 మంది రోస్టర్‌లో (జాబితాలో) ఉన్నాడా, ఆప్షన్లు ఎన్ని మిగిలాయి. ఆప్షన్ల కాలమ్ చాలామంది వదిలేస్తారు, వదలకండి. 40 మందిలో ఉన్న ఆటగాణ్ణి మామూలుగా మూడు సీజన్లపాటే మైనర్స్‌కి పంపగలరు, అవి అయిపోయాక కిందికి పంపాలంటే మిగతా టీములకి ముందు అవకాశం ఇవ్వాలి. అందుకే ఒక్కోసారి బాగా కొట్టేవాడు షార్లట్‌లోనే ఉంటాడు, ఆప్షన్లు అయిపోయినవాడు ఇక్కడ బెంచీ మీద కూర్చుంటాడు, జనం మేనేజర్‌ని తిడతారు. బ్యాటింగ్ యావరేజ్ నా షీటులో లేనే లేదు. స్ట్రైకౌట్ శాతం ఓ 60 అట్-బ్యాట్లకే నిలకడకొస్తుంది, యావరేజ్ ఒక సీజన్ ఆడినా నమ్మలేం.

ఈ షీటులో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చిన వరస షేన్ స్మిత్‌ది. 2024 డిసెంబర్ రూల్ 5 డ్రాఫ్ట్‌లో (వేరే టీముల మైనర్స్ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునేది) మొట్టమొదటి పిక్‌గా మిల్వాకీ నుంచి తీసుకున్నాం, లక్ష డాలర్లకి. ఏడాది మొత్తం మేజర్ లీగ్ రోస్టర్‌లోనే ఉంచాలి, లేదంటే సగం ధరకి వెనక్కి ఇవ్వజూపాలి, అదీ నియమం. గెలవాలని తొందరపడే టీమ్ ఇలాంటివాణ్ణి మోయలేదు. మేం మోశాం, స్టార్టర్‌గా (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌గా) పెట్టాం, జులైకల్లా ఆల్-స్టార్ అయ్యాడు. ఓడే టీమ్‌కి ఉన్న సౌకర్యం ఇదే, దాన్ని వాడుకున్నందుకు జనరల్ మేనేజర్ క్రిస్ గెట్జ్‌ని మెచ్చుకోవాలి.

నా వాదన మొత్తం అక్కడే ఉంది. ఒక టీమ్‌కి సీజన్‌కి దాదాపు 6,000 ప్లేట్ అప్పియరెన్సులు (బ్యాటింగ్ వంతులు) వస్తాయి. గెలిచే ఆశ లేని ఏడాదిలో టీమ్ దగ్గరున్న అసలు పెట్టుబడి అవే. అవి 2028లో ఇక్కడ ఉండేవాళ్ల మీద పెట్టాలి.

బావ ఒప్పుకోడు. ఆయన 2005 చూసినవాడు, ఆస్ట్రోస్‌ని నాలుగుకి నాలుగు కొట్టి 1917 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచిన సాక్స్ ఆయన టీమ్, టికెట్ కొన్నవాడికి గెలుపు చూపించాలి కదరా అంటాడు. కొత్త పోప్ లియో కూడా సాక్స్ ఫ్యానే అని తెలిసిన రోజు ఫోన్ మీద ఫోన్, ఆ సంతోషం చూస్తే ముచ్చటేసింది. గొడవ మొదలైంది ఆండ్రూ వాన్ దగ్గర. 2019లో కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో పిక్, ఏళ్లు గడిచినా అనుకున్నంత రాలేదు, 2025లో బ్యాటింగ్ యావరేజ్ .189 దగ్గర (వంద అట్-బ్యాట్లకి 19 హిట్లు కూడా లేకుండా) ఉండగా షార్లట్‌కి పంపారు, జూన్‌లో ఏరన్ సివాలే కోసం మిల్వాకీకి ఇచ్చేశారు. వాడు బ్రూవర్స్ తరఫున జులైలో మొదటి అట్-బ్యాట్‌లోనే మూడు రన్ల హోమర్ (హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది) కొట్టి, అక్కణ్ణుంచి ఆగలేదు.

"చూశావా, మనోళ్లు నేర్పలేకపోయింది వాళ్లు నెలలో నేర్పారు" అన్నాడు బావ.

"అది నేర్పేవాళ్ల సమస్య బావా, వాణ్ణి ఉంచుకున్నా ఇక్కడ అదే జరిగేది" అన్నా.

నేర్పేవాళ్లు మారారు అనడానికి నా దగ్గర సాక్ష్యం కోల్సన్ మాంట్‌గోమరీ. 2021 ఫస్ట్ రౌండ్ షార్ట్‌స్టాప్, ఏప్రిల్ చివరికి షార్లట్‌లో .149 కొడుతున్నాడు, షీటులో ఆ స్ట్రైకౌట్ గడి ఎర్రగా మండిపోతోంది. వాణ్ణి మ్యాచ్‌లు ఆపించి ఆరిజోనాకి పిలిపించి హిట్టింగ్ డైరెక్టర్ రయన్ ఫుల్లర్ దగ్గర పెట్టారు. మామూలుగా ఇలాంటివి పేపర్లో చదివి వదిలేస్తాం. వాడు జులై 4న పైకొచ్చి 71 మ్యాచ్‌ల్లో 21 హోమర్లు కొట్టాడు. నా పుస్తకంలో వాడి పేజీలు తిరగేస్తే కె లు తక్కువేం లేవు, కానీ రెండు స్ట్రైకుల తర్వాత చుక్కలు పెరిగాయి, పైమూల అంకెలు 5, 6, 7 అవుతున్నాయి, పిచర్ చేత పని చేయిస్తున్నాడు. జులైలో అనుభవజ్ఞుడు కావాలని ఇంకో పాత షార్ట్‌స్టాప్‌ని తెచ్చిపెట్టి ఉంటే ఈ పేజీలు ఉండేవి కావు.

ఇక 2025-26 చలికాలపు చర్చ, క్యాచర్లు. ఎడ్గర్ కెరో ఏప్రిల్‌లో వచ్చాడు, స్విచ్ హిట్టర్ (రెండు వైపులా బ్యాటింగ్ చేసేవాడు), 2023లో జియోలిటో, రెనాల్డో లోపెజ్‌లని ఏంజెల్స్‌కి ఇచ్చినప్పుడు దొరికినవాడు. కైల్ టీల్ జూన్‌లో వచ్చాడు, ఎడమచేతి బ్యాటర్, గ్యారెట్ క్రోషేని బోస్టన్‌కి ఇచ్చిన ట్రేడ్‌లో బ్రేడెన్ మాంట్‌గోమరీ, చేస్ మైడ్‌రాత్, వికెల్మన్ గొంజాలెజ్‌లతో పాటు వచ్చాడు. టీల్ ఆన్-బేస్ .375 (వంద వంతుల్లో 37 సార్లకి పైగా బేస్ చేరాడు), కొత్త క్యాచర్‌కి అది చిన్న విషయం కాదు. బావ మాట: ఇద్దర్లో ఒకణ్ణి, అంటే కెరోని, ఇచ్చేసి పిచర్ని తెచ్చుకోండి, పిచింగ్ లేక చస్తున్నాం. మాట వరకు సబబే. డ్రూ థోర్ప్ మోచేతి సర్జరీతో 2025 మొత్తం ఆడలేదు. మా అరోరా బాలాజీ గుడి నుంచి కార్లో కాసేపు పోతే వచ్చే ఆస్వేగో ఈస్ట్ హైస్కూల్లో చదివిన ఆరడుగుల పది అంగుళాల లెఫ్టీ నోవా షుల్ట్స్‌కి మోకాలి నొప్పితో ఏడాది సరిగ్గా సాగలేదు, 2024 ఐదో పిక్ హేగన్ స్మిత్ అప్పటికింకా కిందే ఉన్నాడు.

అయినా నేను ఇద్దర్నీ ఉంచాలనే అంటాను. 162 మ్యాచ్‌లు ఒక్క క్యాచర్ మోకాళ్లతో అవ్వవు, ఒకడు క్యాచ్ చేస్తే ఇంకొకడు డీహెచ్ (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే), ఇద్దరి బ్యాట్లూ లైనప్‌లో ఉంటాయి. ఇంకోటి, 2026 నుంచి బాల్-స్ట్రైక్ చాలెంజ్ (అంపైర్ బాల్ అన్నా స్ట్రైక్ అన్నా కాదని అడిగే హక్కు) వచ్చింది, టీమ్‌కి రెండు, గెలిస్తే అది చేతిలోనే ఉంటుంది, బ్యాటర్, పిచర్, క్యాచర్ తప్ప డగౌట్ నుంచి ఎవరూ అడగకూడదు. అంటే గ్లవ్ లాగి అంపైర్‌ని ఒప్పించే విద్య విలువ కొంచెం తగ్గుతుంది, ఏది అడగాలి ఏది వదలాలి అన్న తెలివి విలువ పెరుగుతుంది. ఇద్దర్లో ఆ తెలివి ఎవరికి ఎక్కువో ఇప్పుడు ఎవరికీ తెలీదు కదా, చూడకుండా ఎందుకు అమ్మాలి? ట్రేడ్ గడువు దాకా ఆగితే టీమ్ దగ్గర కొన్ని నెలల లెక్క ఉంటుంది.

మురకామి విషయంలో మాత్రం ఇద్దరం ఒకటే. 2022లో జపాన్‌లో యాకుల్ట్ తరఫున 56 హోమర్లు కొట్టినవాడు రెండేళ్లకి 34 మిలియన్ డాలర్లకి ఇక్కడికి రావడం మా టీమ్‌కి జరిగే పని అనుకోలేదు. స్ట్రైకౌట్లు ఎక్కువ, మేజర్ లీగ్ వేగానికి ఎలా ఉంటాడో చూడాలి, అయినా ఇది సరైన పందెం. వాడు ఫస్ట్‌లో నిలబడితే థర్డ్ మిగేల్ వార్గాస్‌ది, సెకండ్ మైడ్‌రాత్‌ది, 2025లో టీమ్‌లో అందరికన్నా ఎక్కువగా 22 హోమర్లు కొట్టిన లెనిన్ సోసాకి రోజూ ఆడే చోటు ఉండదు. సోసాని అలా కూర్చోబెట్టడం బావకి మింగుడు పడట్లేదు. నా పుస్తకంలో సోసా పేజీల్లో వాక్స్ అరుదు, కింద గీతలు బోలెడు, అందుకే నాకు అంత బాధ లేదు. ఔట్‌ఫీల్డ్‌లో 5 ఏళ్లకి 75 మిలియన్ల బెనింటెండీ, 2026 జనవరిలో మెట్స్‌కి ఇచ్చేసేదాకా 20 మిలియన్ల కాంట్రాక్ట్ ఆప్షన్‌తో (పైన చెప్పిన మైనర్స్ ఆప్షన్ కాదు) లూయిస్ రాబర్ట్ ఉండేవాడు. రాబర్ట్‌కి మంచి ధర పలికితే ఇచ్చేయాలనేవాణ్ణి నేను, సెంటర్ ఫీల్డ్‌లో అలాంటి పరుగు మళ్లీ దొరకదనేవాడు బావ. పరుగు విషయంలో ఆయన మాట నిజం.

డ్రాఫ్ట్ సంగతి రెండు ముక్కల్లో. 121 ఓడినా 2025లో మా పిక్ పదోది, ఎందుకంటే ఆదాయం పంచే పెద్ద మార్కెట్ టీములకి వరసగా రెండేళ్లు లాటరీ పిక్ (లాటరీలో తీసే ముందువరస పిక్) ఇవ్వరు. 2026లో మాత్రం లాటరీలో ఒకటో నంబరే తగిలింది. ఓడితే చాలు పిక్ వస్తుంది అనేవాళ్లు ఈ నియమం చదవాలి.

2026 సీజన్‌కి పుస్తకంలో మార్పులు: చాలెంజ్‌కి చిన్న త్రిభుజం, గెలిస్తే నింపుతా, ఓడితే ఖాళీ, పక్కన అడిగింది క్యాచరా బ్యాటరా అన్న అంకె. టీల్, కెరోలకి విడిగా చెరో పేజీ. షీటులో షుల్ట్స్ పక్కన పిచ్‌ల సంఖ్య కాలమ్, స్టార్ట్‌కి ఎన్ని వేయనిస్తున్నారో చూస్తే మోకాలి సంగతి వార్తల కంటే ముందే అర్థమవుతుంది. బావా నేనూ మా టీమ్‌లో ఎవరు ఉండాలో చెరో 26 మంది లిస్టు రాసి పుస్తకం చివరి అట్టకి క్లిప్ పెట్టాం. ఆయన లిస్టులో కెరో లేడు.