పోయిన ఊరి పేర్లు

పొద్దున కాఫీ కూడా తాగకముందే చేనేత చీరల షాపు మేడం ఫోన్ చేశారు. "బాబూ, చీర పేరులో ఒక తప్పు దిద్దానంతే, కింద ఊరి పేరు పోయింది. నిన్న దిద్దినవన్నీ ఇంతే" అన్నారు. నేను చూసుకునే వాళ్ల సైటు వర్డ్‌ప్రెస్ అనే, సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్‌లో ఉంది, ప్రతి చీరకీ ఏ ఊళ్లో నేశారో రాసే గడి ఒకటి పెట్టుకున్నారు, గద్వాల, పోచంపల్లి, మంగళగిరి అని. నేసినవాళ్ల ఆనవాలు ఆ సైటులో ఉండేది ఆ ఒక్కచోటే, అందుకే నాకు టెన్షన్ పట్టుకుంది.

చీరల లిస్టులోనే వివరాలు దిద్దే క్విక్ ఎడిట్ నొక్కి చూశాను. పైన లిస్టులో 'గద్వాల' అని ఉంది, తెరుచుకున్న గడిలో ఏమీ లేదు, ఆ స్థితిలో అప్‌డేట్ నొక్కితే ఆ ఖాళీయే సేవ్ అయిపోతుంది. పాత బ్యాకప్ తీసి పోల్చితే తెలిసింది, నాకంటే ముందు చూసినవాళ్లు డబ్ల్యూపీ-అడ్మిన్ ఫోల్డర్‌లో ఉండే, క్విక్ ఎడిట్‌ని నడిపే ఇన్‌లైన్-ఎడిట్-పోస్ట్ స్క్రిప్టునే నేరుగా మార్చేశారు, మొన్న కొత్త వెర్షన్ వేయగానే ఆ మార్పు కొట్టుకుపోయింది. వర్డ్‌ప్రెస్‌తో వచ్చే కోర్ ఫైలు మీద చెయ్యి వేయడం నాకు అస్సలు నచ్చదు, దాని ఫలితం పాపం ఆవిడ మీద పడింది.

ఆ స్క్రిప్టుని డీరిజిస్టర్ చేసి, అంటే లోడవ్వకుండా తీసేసి, అదే హ్యాండిల్‌తో, అంటే అదే పేరుతో, మన కాపీ పెడదామా అనుకున్నాను కానీ, అలా చేస్తే వర్డ్‌ప్రెస్ ముందుకెళ్లినా మన కాపీ పాతబడి అక్కడే ఉంటుంది. అందుకని ఆ స్క్రిప్టులోని ఇన్‌లైన్‌ఎడిట్‌పోస్ట్‌లో క్విక్ ఎడిట్ గడులు తెరిచే ఎడిట్ ఫంక్షన్‌ని ఒక వేరియబుల్‌లో దాచి, దాని స్థానంలో నాది పెట్టాను, అది ముందు పాతదాన్ని పిలిచి దాని పని దాన్ని చేసుకోనిచ్చి, తర్వాత ఆ వరసలోని ఊరి పేరు తీసుకొచ్చి గడిలో వేస్తుంది. పది లైన్లు కూడా లేదు. మొదటిసారి డిపెండెన్సీ, అంటే ఆ స్క్రిప్టు తర్వాతే నాది లోడవ్వాలని, రాయడం మర్చిపోయాను, నా ఫైలు ముందే లోడయి బ్రౌజర్ కన్సోల్‌లో ఎర్రర్ కొట్టింది, అది రాశాక సరిపోయింది.

పోయిన పేర్లు బ్యాకప్ నుంచి తెచ్చి పెట్టాను, రెండు చీరలకి మాత్రం దొరకలేదు, బ్యాకప్ తర్వాత ఎక్కించినవట. ఫొటోలు పంపితే మేడం వెంటనే ఫోన్ చేశారు. "రెండూ మంగళగిరే బాబూ, ఆ నిజాం అంచు చూస్తే తెలీడంలా?" రెండింటికీ ఊరు రాసి సేవ్ చేసి, మళ్లీ క్విక్ ఎడిట్ తెరిచాను. గడిలో మంగళగిరి అని ఉంది.