తువాలు అనే దేశం

పాపకు స్కూల్లో ఒక చిన్న దేశం గురించి రాసుకురమ్మన్నారు. ఆమెకు వచ్చింది పసిఫిక్ సముద్రంలోని తువాలు. ఆ మాట వినగానే మా నాయన భుజం మీది తువాలు తీసి చూసుకున్నాడు. ఆ దేశమూ ఇంచుమించు అంతే: తొమ్మిది దీవులు కలిపినా 26 చదరపు కిలోమీటర్లు.

నేను కళ్యాణదుర్గం దగ్గర బోరు మోటార్లు రిపేరు చేస్తాను, కాబట్టి నా కన్ను నీళ్ల దగ్గరే ఆగింది. రాజధాని ఫునాఫుటిలో ఏడాదికి సగటున 3,000 మిల్లీమీటర్ల పైనే వాన. మా అనంతపురం సగటు 550కి అటూ ఇటూ. అంత వాన పడే చోట 2011లో నీళ్లు లేక ఎమర్జెన్సీ పెట్టారంటే నమ్ముతారా? అక్కడ నదులు లేవు. ఇంటి కప్పు మీద పడిన వానే ట్యాంకులోకి పట్టుకోవాలి. కొన్ని నెలలు వాన తప్పితే అంతే సంగతులు.

నేల కింద నీళ్లున్నాయి, అదీ ఒకటి రెండు మీటర్లలోనే. ఆరేడు వందల అడుగులు పైపులు దించే నాకు కడుపు మండింది. కానీ వాటిని తాగలేరు. సెప్టిక్ ట్యాంకుల్లో చాలావాటిని సరిగా కట్టలేదు, మురుగు కారి ఆ నీళ్లలోకే పోతుంది. అందుకే కొన్ని ఇళ్లకు నీళ్లు అక్కర్లేని కంపోస్టు మరుగుదొడ్లు కట్టించారు. పోయొచ్చాక ఎండుటాకులు అవీ వేస్తే మెల్లగా ఎరువైపోతుంది.

మా మరుగుదొడ్డి సర్కారు స్కీములో కట్టిందే. లెక్క ప్రకారం రెండు గుంతలుండాలి. ఒకటి నిండితే రెండోదానికి తిప్పి, మొదటిదాన్ని ఏడాదికి పైగా వదిలేస్తే అదీ ఎరువే. మేస్త్రీ "ఒకటే లోతుగా తీస్తే సాలన్నా" అన్నాడు. నేనూ తలూపాను. తప్పు నాదీ ఉంది.

ఎండాకాలం ట్యాంకరు రెండ్రోజులకోసారి వచ్చినప్పుడు మా అమ్మ దొడ్డికి గడియ పెట్టి, చెంబు పట్టుకుని వంకలోకి పోయేది. "ఒక మనిషి పోయొస్తే అర బిందె. ఆ నీళ్లతో ఇంటిల్లిపాదికీ వండొచ్చు" అనేది.

పాప చదివి వినిపిస్తే అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది: "నీళ్లు పోయకపోతే సరే, కడుక్కునేదెట్ల?"

మంచి ప్రశ్నే. కడిగిన నీళ్లు వేరే గొట్టంలోంచి మొక్కలకు పోయేట్టు కట్టొచ్చని చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు.

ఆదివారం మేస్త్రీకి ఫోన్ చేశాను, రెండో గుంతకు ఎంతవుతుందని.

"ఇప్పుడెందుకన్నా, మొదటిది ఇంకా నిండలేదు కదా!" అన్నాడు.