నడిపొద్దు దెయ్యం: పోస్టర్, టీజర్ పని ఎక్కడిదాకా వచ్చిందంటే

నల్లగొండ జిల్లా దేవరకొండ చుట్టుపక్కల తీసిన చిన్న హారర్ సినిమా 'నడిపొద్దు'. దానికి ఒక పోస్టర్, నలభై సెకన్ల టీజర్, యూట్యూబ్ థంబ్‌నెయిల్ (వీడియో నొక్కకముందు కనబడే చిన్న బొమ్మ) కావాలి. పాడుబడ్డ బంగ్లా, నీలం చీకటి, తెల్లచీర వద్దన్నది మొదటి నిర్ణయం. పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు చింతచెట్టు కిందికి పోవద్దని నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పిల్లలకు చెప్పే మాటే ఈ కథకు మూలం. అలాంటి కథకు రాత్రి పోస్టర్ వేస్తే అబద్ధమే.

పట్టపగటి హారర్‌కు మన దగ్గర ఒక చిక్కుంది. ఎండ, చేను, చీరకట్టిన ఆడమనిషి, పెద్ద పసుపు అక్షరాలు ఒకచోట కనబడితే ఫోన్ చూసేవాళ్లు జానపద పాట అనుకుంటారు. నొక్కుతారు, పాట రాకపోయేసరికి పోతారు. అందుకే హారర్ ఆనవాయితీలన్నీ ఒక్క దెబ్బకు తీసేయలేదు. విరబోసిన జుట్టు, కనబడని కళ్లు ఉంచాం. 2019లో వచ్చిన హారర్ సినిమా 'మిడ్‌సొమర్' పోస్టర్‌లోనూ ఇదే లెక్క: వెలుతురు, పూలకిరీటం ఉన్నాయి, ముఖం మాత్రం ఏడుస్తోంది.

పోస్టర్ బొమ్మ: అయిపోయింది

బీడు భూమి, వెనక గుండ్లు, పక్కకు చింతచెట్టు. ముగ్గురు మనుషులు నిలబడ్డారు. ఇద్దరి నీడలు కాళ్ల కిందే ముడుచుకుపోయాయి, మూడో ఆమె నీడ మాత్రం సాయంత్రంలా పొడుగ్గా మన వైపు పాకింది. పక్కన ఆ ఇద్దరు లేకపోతే ఈ తేడా ఎవరి కంటా పడదు. మనుషుల్ని చెట్టు కొమ్మల అంచు దాటించి ఎండలోనే నిలబెట్టాలి, చెట్టు నీడలో మనిషి నీడ కలిసిపోతుంది.

దేవరకొండ దాదాపు 16.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. మే నెలలో అది గడియారంలో 12 కాదు, 12:10 దాటాక. పొట్టి నీడల ఫోటో అప్పుడు తీయాలి. పొడుగు నీడది అదే రోజు సాయంత్రం 5:30కి. అప్పటికి నీడ మనిషి ఎత్తుకు మూడు నాలుగు రెట్లుంటుంది. కెమెరా తూర్పున నిలబడి పడమర చూడాలి, లేకపోతే నీడ పక్కకు పడుతుంది. ట్రైపాడ్ కాళ్లు, ఆమె పాదాలు ఉన్నచోట సున్నంతో గుర్తు పెట్టి, లెన్సు, ఎత్తు మార్చకుండా ఉంచాలి.

మధ్యాహ్నం ఫోటోకు కెమెరా సెట్టింగు ఐఎస్ఓ 100, ఎఫ్ 8, షట్టర్ సెకనులో 1/800 వంతు. మామూలు ఎండకు 1/400 సరిపోతుంది, ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించింది కావాలనే. ముఖం మీదికి వెలుతురు తిప్పే థర్మకోల్ షీట్ పట్టొద్దు. నెత్తిమీది ఎండకు కనుబొమ్మల కింద గుంటలు వాటంతటవే నల్లబడతాయి. షీట్ పడితే ఆ నలుపు పోయి పెళ్లి ఆల్బమ్ ముఖం వస్తుంది.

సాయంత్రం ఫోటోలోంచి నీడను మాత్రమే మాస్క్ చేసి (మిగతాది దాచి), రంగు తీసేసి, మల్టిప్లైలో (కింది బొమ్మను నల్లబరిచే లేయర్ పద్ధతి) 75 శాతం దగ్గర పెట్టాం. బ్రష్‌తో నీడ గీయడం సులువే, కానీ పట్టుబడిపోతుంది. అసలు నీడ పాదాల దగ్గర పదునుగా మొదలై తల దగ్గరికి పోయేసరికి అంచు మెత్తబడుతుంది. గీసిన నీడ మొత్తం ఒకే పదునుతో ఉంటుంది.

చీర సాదా ఇటుకరంగు నేతది. పోచంపల్లి ఇక్కత్ బాగుండేది గానీ, సన్నటి గళ్లు థంబ్‌నెయిల్ సైజుకు కుదించగానే అలలు అలలుగా వణుకుతాయి. తెల్లచీరైతే ఆ ఎండకు మడతలు కూడా కనబడకుండా తెల్లకాగితంలా తేలిపోతుంది.

టైటిల్ అక్షరాలు: సగం

నెత్తురు కారే ఇంగ్లీషు అక్షరాల నకలు తెలుగులో కుదరదు. 'ద్దు' కింద ఒక చుక్క జారితే ఇంకో ఒత్తు అనిపిస్తుంది, 'న' మీది తలకట్టు గీకితే అక్షరమే పోతుంది. దాని బదులు ఎండిన చెరువు నెర్రెల ఫోటోను అక్షరాల లోపల మాస్క్‌గా వేస్తున్నాం. తలకట్టు, ఒత్తులు ముట్టుకోం, గుండ్రటి పొట్టల్లోనే పగుళ్లు. ఫోటోషాప్‌లో మన లిపులకు కావాల్సిన వరల్డ్-రెడీ లేఅవుట్ పెట్టకపోతే ఒత్తులు విడిపోతాయి. ఫ్లెక్స్ షాపులో యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లే ఉండొచ్చు కాబట్టి ఫైల్ ఇచ్చేముందు టైటిల్‌ను కర్వ్స్‌గా (ఫాంట్ అక్కర్లేని గీతలుగా) మార్చాలి. ఆరడుగులకు నాలుగడుగుల ఫ్లెక్స్‌కు 100 డీపీఐ (అంగుళానికి వంద చుక్కలు) చాలు, అంటే 7200×4800 పిక్సెళ్లు. ముందు అడుగు ముక్క ప్రింటు తీయించి నీడ భాగం చూసుకోవాలి. నేల గరుకు కనబడకుండా నల్లముద్దైతే మల్టిప్లై తగ్గించాలి.

టీజర్: రెండో మిక్స్

నిశ్శబ్దం, ఆ తర్వాత ఢామ్మని చప్పుడు. ఇది ప్రేక్షకుడు ముందే కాచుకుని కూర్చునే ఆనవాయితీ. తిరగేశాం. ముప్పై సెకన్లు బోరు మోటరు మోత, గువ్వల కూత. తర్వాత కరెంటు పోయినట్టు మోత టక్కున ఆగుతుంది. ఎడతెగని శబ్దానికి చెవి అలవాటు పడుతుంది, అది ఆగినప్పుడే ఉలిక్కిపడుతుంది. ఒక్కటే ఇబ్బంది: మోటరు మోతలో అడుగు స్వరం 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది, ఫోన్ స్పీకర్ దాన్ని పలికించదు. వినపడని మోత ఆగినా ఎవరికీ తెలియదు. సాచురేషన్ ప్లగిన్‌తో 200, 300, 400 దగ్గర హార్మోనిక్స్ (పై స్వరాలు) పుట్టించాక ఫోన్‌లోనూ పలికింది. మొత్తం బిగ్గరతనం మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సగటు బిగ్గరతనం కొలత), పీక్ (గరిష్ఠం) మైనస్ 1 డెసిబెల్. చూడమని వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపాలి, వీడియోగా పంపితే వాట్సాప్ కుదింపులో శబ్దం, బొమ్మ నలిగిపోతాయి.

'నిజంగా జరిగిన కథ' అన్న ముక్క

వేయడం లేదు. 1999లో అమెరికా హారర్ సినిమా 'బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' వాళ్లు నటుల్నే తప్పిపోయినవాళ్లుగా చూపి పోస్టర్లు అంటించారు, వెబ్‌సైట్ నడిపారు. ఇక్కడ బస్టాండులో 'కనబడుటలేదు' కాగితం అంటిస్తే పక్కనే నిజంగా మనిషి తప్పిపోయిన ఇంటివాళ్ల కాగితం ఉంటుంది. బాణామతి (చేతబడి) మాటా అంతే. ఆ అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపిన సంగతులున్నాయి. ఊరి పేరు పెట్టి బాణామతి అంటే ప్రచారం అక్కడి ఏ ముసలామె మీద పడుతుందో చెప్పలేం. టీజర్‌లో ఊరి బోర్డులు, బండి నంబర్లు చెరిపేశాం.

థంబ్‌నెయిల్: మొదలుకాలేదు

సైజు 1280×720 పిక్సెళ్లు. కుడివైపు కింది మూల నిడివి అంకెలు కప్పేస్తాయి, నీడ తల ఇప్పుడు సరిగ్గా అక్కడికే వస్తోంది. బొమ్మను అద్దంలోలా తిప్పితే నీడ ఎడమకు పోతుంది గానీ చీర పైట తప్పు భుజం మీదికి వస్తుంది. మనిషిని తిప్పకుండా, బొమ్మ మొత్తాన్ని ఫ్రేములో ఎడమకు జరిపి చూడాలి. తర్వాత 160 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి, జానపద పాటల థంబ్‌నెయిళ్ల మధ్య పెట్టి పరీక్ష.