మేడమ్ లెక్కపెట్టించిన కణాలు

సంచికకి ఏదైనా రాయమని మా బ్యాచ్ వాళ్ళు అడగ్గానే నాకు గుర్తొచ్చింది ల్యాబ్‌లో నాడీకణాల్ని పెంచే 24 డిష్‌లు. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో నా పొరపాటు వల్ల పాడైన డిష్‌లు. వాటి గురించీ, ఆ రోజు మేడమ్ చేసిన పని గురించీ రాయాలని చాలాకాలంగా ఉంది. మేడమ్ అని మాత్రమే రాస్తున్నాను. మన విభాగంలో చదివినవాళ్ళకి పేరు చెప్పక్కర్లేదు.

ల్యాబ్‌లో చేరిన రోజు "నాడీకణాలు ఎందుకు చనిపోతాయో తెలుసుకోవాలని ఉంది మేడమ్" అన్నాను. "చనిపోవడం వాటికి వచ్చమ్మా. ఆ ఏర్పాటు ప్రతి కణంలోనూ ముందే ఉంటుంది. చనిపోకుండా వాటిని ఎవరు ఆపుతున్నారో అది చూడు" అన్నారు. నాకు సరిగ్గా అర్థం కాలేదు. చర్మం మీద కణం పోతే ఇంకోటి పుడుతుంది. మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో దాదాపు అన్నీ మనతో పుట్టి మనతోనే ముసలివవుతాయి. అంత విలువైన కణం చావుని లోపలే పెట్టుకుని ఎందుకు తిరుగుతుంది?

జవాబు కోసం మేడమ్ నన్ను ఇటలీ శాస్త్రవేత్త రీటా లెవీ మోంటాల్చీనీ కథ చదవమన్నారు. 1938లో ఇటలీ జాతి చట్టాల వల్ల యూదురాలైన ఆవిడకి యూనివర్సిటీలో చోటు లేకుండా పోయింది. ట్యూరిన్‌లో తన పడగ్గదినే ల్యాబ్‌గా మార్చుకుంది. కుట్టుసూదుల్ని సన్నగా అరగదీసి పనిముట్లు చేసుకుంది. కోడిపిండంలో రెక్క మొలిచే చోటు తీసేస్తే, అటు వెళ్ళాల్సిన నాడీకణాలు కనిపించడం లేదని అప్పటికే విక్టర్ హాంబర్గర్ అనే శాస్త్రవేత్త గమనించాడు. ఆ కణాలు అసలు తయారే కాలేదని ఆయన అనుకున్నాడు. ఈవిడ పిండాల్ని వరుసగా, వేర్వేరు దశల్లో కోసి చూసింది. కణాలు తయారయ్యాయి, బయల్దేరాయి, అటువైపు అందుకునేది ఏదీ లేక చనిపోయాయి. తయారు కాకపోవడం వేరు, తయారై చనిపోవడం వేరు. ఈ తేడా చెప్పేటప్పుడు మేడమ్ గొంతు మారిపోయేది.

యుద్ధం అయ్యాక హాంబర్గర్ ఆవిడని అమెరికాలోని సెయింట్ లూయిస్‌కి పిలిపించుకున్నాడు. 1952లో, నాడీపోగుల్ని పెరిగేలా చేస్తున్న ఒక కణితి ఉన్న ఎలుకల్ని వెంటపెట్టుకుని ఆవిడ విమానంలో రియో డి జనీరో వెళ్ళింది. అక్కడ హెర్తా మేయర్ ల్యాబ్‌లో ఆ కణితి ముక్క పక్కన నాడీకణాల గుత్తిని పెడితే, ఒక్క రోజులో గుత్తి చుట్టూ సూర్యుడి కిరణాల్లా పోగులు విచ్చుకున్నాయి. పోగుల్ని అలా పెంచే పదార్థాన్ని ఆవిడతో పనిచేసిన స్టాన్లీ కోహెన్ వేరుచేశాడు. దాన్నే ఎన్‌జీఎఫ్ (నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్) అంటున్నాం. 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

దీని అర్థమేమిటంటే, నాడీకణం పోగు చివర ఏ కండరాన్నో గ్రంథినో చేరితే, అక్కడినుంచి ఎన్‌జీఎఫ్ లాంటి పదార్థం కాస్త అందుతుంది. ఆ కబురు పోగు పొడవునా వెనక్కి ప్రయాణించి కణం దాకా వస్తుంది. కబురు వస్తున్నంత కాలం లోపలున్న చావు ఏర్పాటు కదలదు. రాకపోతే కణం తనంతట తానే ముడుచుకుని, ముక్కలై, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతుంది. పిండదశలో వెన్నుపాములో పుట్టిన, కండరాల్ని కదిలించే "కదలిక నాడీకణాల్లో" సుమారు సగం ఇలాగే పోతాయి. అది జబ్బు కాదు, అవసరానికి సరిపోయేలా జరిగే సర్దుబాటు. పెద్దయ్యాక అదే ఏర్పాటు తప్పుడు సమయంలో కదిలితే మాత్రం జబ్బే.

ఇక నా డిష్‌ల సంగతి. అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మెడలో, రక్తనాళం రెండుగా చీలే చోట నువ్వుగింజంత నాడీగుత్తి ఉంటుంది. దాన్ని తీసి, కణాల్ని విడదీసి, ఎన్‌జీఎఫ్ కలిపిన ద్రవంలో పెంచాలి. వారానికల్లా డిష్ అడుగున పోగులు సాలెగూడులా అల్లుకుంటాయి. కణాలు గుండ్రంగా, అంచు చుట్టూ వెలుగుతో నిండుగా ఉంటాయి. బాగున్న కణాన్ని ఒకసారి చూస్తే మళ్ళీ పొరబడం.

ఒకరోజు సాయంత్రం 6 గంటలకి 24 డిష్‌లకీ ద్రవం మార్చాను. మర్నాడు మధ్యాహ్నం మైక్రోస్కోప్ కింద పెడితే పోగులు తెగిపోయి పూసల్లా ఉన్నాయి. కణాలు కుదించుకుపోయి, అంచుల్లో వెలుగు పోయి మసకగా ఉన్నాయి. ఫ్రిజ్ తెరిచి చూస్తే ఎన్‌జీఎఫ్ ట్యూబ్ మూత కూడా తీసి లేదు. ద్రవంలో అది కలపడమే మర్చిపోయాను. మూడు వారాల పని. టెన్షన్‌తో చేతులు వణుకుతుంటే మేడమ్ గదికి వెళ్ళి చెప్పాను.

"ఎన్నింటికి మార్చావు?" అన్నారు. అదొక్కటే అడిగారు.

"నిన్న సాయంత్రం 6కి మేడమ్."

గడియారం చూశారు. 3 అయింది. "అంటే 21 గంటలు. పారేయకు. సగం డిష్‌లకి ఇప్పుడే ఎన్‌జీఎఫ్ వెయ్యి. మిగతా సగం అలాగే ఉంచు. కానీ ముందు అన్నీ లెక్కపెట్టు" అని నాతోపాటు లేచి వచ్చారు. నాకు కళ్ళల్లో నీళ్ళు నిండి మైక్రోస్కోప్‌లో ఏమీ కనబడలేదు. మేడమ్ నన్ను పక్కకి జరిపి, కుర్చీలో కూర్చుని, మొదటి డిష్ తానే లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కౌంటర్ టిక్కు టిక్కుమనడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

రెండు రోజులకి, ఎన్‌జీఎఫ్ వేయని డిష్‌లలో చచ్చిన కణాల పెంకులు తేలుతున్నాయి. వేసినవాటిలో కొన్ని కణాలు పోయాయి. కానీ సుమారు సగం తిరిగి నిండుగా అయ్యాయి, వాటినుంచి కొత్త పోగులు సాగుతున్నాయి. పోయాయనుకున్న కణాలు! ఆ తర్వాత ఇదే ప్రయోగాన్ని మేడమ్ నాచేత పద్ధతిగా చేయించారు. 12 గంటలకి ఎన్‌జీఎఫ్ తిరిగి అందిస్తే దాదాపు అన్నీ బతికాయి. 30 దాటాక అందిస్తే మిగిలినవి చాలా తక్కువ. ఇలాంటిది అంతకుముందే వేరేవాళ్ళు చూసి రాశారని కూడా మేడమే చూపించారు. "కొత్త విషయం కాదమ్మా. కానీ నువ్వు నీ కళ్ళతో చూశావు" అన్నారు.

నా తర్వాతి జీవితమంతా ఆ గంటల చుట్టూనే సాగింది. ఇప్పుడు పక్షవాతం మీద పనిచేసే ల్యాబ్‌లో ఉన్నాను. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే వైద్యం అందేదాకా నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో ఒక డాక్టర్ లెక్కగట్టాడు. కానీ నడిమధ్య చచ్చిన భాగం చుట్టూ పని ఆపేసినా ఇంకా బతికే ఉన్న ఒక అంచు ఉంటుంది. దాన్ని స్కాన్‌లో చూసినప్పుడల్లా నాకు ఆ మసక కణాలే గుర్తొస్తాయి. పార్కిన్సన్స్ జబ్బులో గంటలు కాదు, ఏళ్ళు. చెయ్యి వణకడం మొదలయ్యే సరికే నడిమెదడులో డోపమైన్ అనే రసాయనం తయారుచేసే కణాలు పెద్ద సంఖ్యలో పోయి ఉంటాయి. మేల్కొనేసరికే ఆలస్యం.

ఎన్‌జీఎఫ్ లాంటి పదార్థాల్ని మందుగా ఇచ్చేస్తే సరిపోతుందని ఒకప్పుడు చాలా ఆశ ఉండేది. 1990లలో, కదలిక నాడీకణాలు చనిపోయే ఏఎల్‌ఎస్ జబ్బు ఉన్న రోగులకి ఎన్‌జీఎఫ్ లాంటిదే అయిన బీడీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్లు ఇచ్చి చూశారు, ఆశించిన ఫలితం రాలేదు. ఇవి పెద్ద ప్రొటీన్లు, రక్తంలోంచి మెదడులోకి సులువుగా దాటవు. ఆ ఓటమి గురించి మేడమ్ క్లాసులో ఏదీ దాచకుండా చెప్పేవారు.

వెన్నుపాము కండర క్షీణత, అంటే ఎస్‌ఎమ్‌ఏ, విషయంలో మాత్రం కథ మారింది. అక్కడ లోపించే ప్రొటీన్ పేరులోనే కదలిక నాడీకణాల మనుగడ అన్న మాట ఉంది. దాని జన్యువుని 1995లో గుర్తించారు. 2016 చివర్లో అమెరికాలో మొదటి మందు, నుసినెర్సెన్, అనుమతి పొందింది. వెన్నులోని ద్రవంలోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఈ జబ్బు తీవ్రంగా ఉన్న పసిపిల్లలు మందు లేకపోతే ఎప్పటికీ కూర్చోలేరు. లక్షణాలు కనబడకముందే, పుట్టిన కొద్ది వారాల్లోనే మొదలుపెట్టిన పిల్లలు కూర్చున్నారు, చాలామంది నడిచారు. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళకి అంత మేలు జరగలేదు. మళ్ళీ గంటల సంగతే. ఆ ఫలితాలు చూసి మేడమ్‌కి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఎన్నో వారంలో మొదలుపెట్టారు?" అన్నారు.

రిటైరయ్యే ముందు గది ఖాళీ చేస్తూ పాత నోట్‌బుక్‌లన్నీ ఎవరివి వాళ్ళకి పంచిపెట్టారు. నాది నా దగ్గరే ఉంది. అందులో 24 వరుసలున్న ఒక పేజీ, పైన "21 గంటలు" అని రాసి ఉంది. రెండో వరుస నుంచి నా చేతిరాత. మొదటి వరుసది మేడమ్‌ది.